గుమ్మానికి వేపమండ

మద్రాసు నుంచి వస్తున్న మా రైలు ఎలమంచిలి దాటింది. నా ఒళ్లో పడుకున్న పిల్ల తల మీది తువ్వాలు జారిపోయింది. ఎదురుగా కూర్చున్న ఒక పెద్దావిడ ఆ నున్నటి తలని చేత్తో నిమిరి, “ఏ కొండమ్మా, తిరపతేనా?” అంది. నేను తలూపాను. ఆవిడ ఆ చేతిని కళ్లకద్దుకుంది.

నేను ఆడిన మొదటి అబద్ధం అదే. దానికి నోరు కూడా విప్పనక్కర్లేకపోయింది.

మా అమ్మాయికి అప్పటికి ఐదేళ్లు నిండి నాలుగైదు నెలలు. అంతకుముందు వేసవిలో మోకాళ్లు నొప్పి అని నడవనంది. ఎదిగే పిల్లల నొప్పులే అనుకుని నువ్వులనూనె రాశాను. తర్వాత పెదాలు తెల్లబడ్డాయి. ఎక్కడా పడకుండానే పిక్కల మీద కమిలిన మచ్చలు వచ్చాయి. జ్వరం పట్టుకుని వదల్లేదు. పెద్దాసుపత్రిలో రక్తం తీసి చూసిన డాక్టరుగారు మా ఇద్దర్నీ గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, బ్లడ్ క్యాన్సర్ అని చెప్పారు. డిగ్రీలో జువాలజీ చదివినదాన్ని. రికార్డు పుస్తకంలో తెల్ల రక్తకణాల బొమ్మలు పెన్సిలుతో చక్కగా వేసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ గదిలో మాత్రం ఆయన చెప్పేది పరాయి భాషలా వినిపించింది.

“పిల్లలకి వచ్చేవాటిలో ఇది మందులకి లొంగే రకం,” అన్నారాయన. “అందరికీ లొంగుతుందని నేను చెప్పను. మొదలుపెట్టాక మాత్రం మధ్యలో మానకూడదు. మూడేళ్లు.”

మొదటి రెండు నెలలు మద్రాసులో మావారి బాబాయిగారింట్లో ఉండి వైద్యం చేయించాం. వెన్నులో సూదులు, తలకి కరెంటు, అంటే రేడియేషను. ఒకరోజు పొద్దున్న దువ్వెన పెడితే జుట్టు పాయకి పాయ చేతికి వచ్చేసింది. పిల్ల ఏడవలేదు. దిండు మీద పడిన వెంట్రుకల్ని తనే ఏరి నా దోసిట్లో పోసింది. మిగతా వైద్యం ఊళ్లోనే పెద్దాసుపత్రిలో చేయించుకోవచ్చని చెప్పి పంపారు. రోజూ మాత్రలు, నెలకోసారి ఇంజెక్షను. అలా తిరిగి వస్తున్నప్పుడు ఆ రైలు పెద్దావిడ నాకొక అబద్ధాన్ని చేతిలో పెట్టింది.

మా ఇల్లు మల్కాపురంలో, ఒకే గోడకి పది ఇళ్లు కలిసిన లైనులో ఉంది. మావారు పోర్టులో క్రేను మీద పని చేస్తారు. మాది గోదావరి జిల్లా. లైనులో మిగిలినవాళ్లంతా ఇక్కడి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి రిఫైనరీలోనూ పోర్టులోనూ చేరినవాళ్లు. లైను చివర వేపచెట్టు, దాని కింద కుళాయి. ఆరేసిన బట్టల మీద పోర్టు నుంచి ఎర్రటి దుమ్ము వచ్చి పడుతుంది. దులుపుకుని తొడుక్కోవడం అలవాటైపోయింది.

రిక్షా దిగేసరికి పక్కింటి అక్క గుమ్మంలోనే ఉంది. ఆవిడ పుట్టిల్లు ఎలమంచిలి దగ్గర పల్లె. ఆవిడ చిన్న కూతురు మా అమ్మాయి కన్నా రెండేళ్లు పెద్ద, ఇద్దరూ జంట.

“ఓలమ్మ, గుండు సేయించీసినావేటి సెల్లీ! ఏ కొండ?”

“తిరుపతి, అక్కా.”

“అలగా! పిల్ల నీరసం తగ్గాలని మొక్కుకున్నావు కావాల. మరి లడ్డూ ఏది? అంత దూరం ఎల్లి ఒట్టి సేతుల్తో వచ్చీసినావా? మా ఆయన ఎలమంచిలి ఎల్తేనే తేగలట్టుకొత్తాడు.”

సంచి అడుగున ఉందని చెప్పి లోపలికి వచ్చేశాను. ఆ మధ్యాహ్నం తలుపు వేసుకుని, సెనగపిండి కలిపి, బూందీ దూసి, పచ్చకర్పూరం చిటికెడు వేసి చిన్న లడ్డూలు కట్టాను. మావారు గుమ్మంలో నిలబడి చూస్తూ, “ఏమిటోయ్ ఇది?” అన్నారు. “ప్రసాదం,” అన్నాను. సాయంత్రం పది ఇళ్లకీ పంచాను. అందరూ కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నారు.

మర్నాడు పిల్ల నన్ను అడిగింది. “అమ్మా, మనం తిరుపతి ఎప్పుడు వెళ్లాం?”

“మద్రాసు నుంచి వస్తూ.”

“నేను నిద్రపోయానా అప్పుడు?”

“నిద్రపోయావు.”

కొండెక్కడం, గుండు చేయించుకోవడం, దేవుణ్ణి చూడడం, అంతా నిద్రలోనే జరిగిపోయిందని దానికి చాలా బెంగ. నన్నెందుకు లేపలేదని రెండు రోజులు అలిగింది.

ఎందుకు దాచానంటే సరిగ్గా చెప్పలేను. మా అమ్మ ఉత్తరంలో ‘ఆడపిల్ల, ఎవరితోనూ అనకు’ అని రాసింది. అదొకటి. వెనక లైనులో క్షయ వచ్చిన ఒకాయన ఉండేవాడు. జబ్బు నయమై వచ్చినా ఎవరింటికి వెళ్లినా ఆయనకి విడిగా గాజుగ్లాసు పెట్టేవారు. అది నేను చూశాను. నేనూ పెట్టాను. ఆ గ్లాసు నా కూతురి ముందుకి రావడం ఊహించుకోలేకపోయాను. ఇంకొకటి కూడా ఉంది. ఆ మాట నేను పైకి అనకపోతే అది పూర్తిగా నిజం కాదని లోపల ఎక్కడో అనుకునేదాన్ని.

ఒక్క మనిషి మాత్రం నా మాట నమ్మలేదు. ఫిషింగ్ హార్బరులో తెల్లవారకముందే వేలంలో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని మా లైన్లకి వచ్చే ముసలమ్మ. గంప దించి, కవళ్ల చేపలు ఏరిపెడుతూ, గుమ్మంలో ఆడుకుంటున్న పిల్ల ముఖంలోకి ఒకసారి చూసింది.

“మొక్కుకి తల గొరుగుతారు తల్లీ. కనుబొమ్మలు కూడా గొరిగీసినారేటి?”

నేను చేపల గిన్నె తీసుకుని లోపలికి వచ్చేశాను. ఆవిడ మళ్లీ అడగలేదు. వెళ్తూ వెళ్తూ పిల్ల చేతిలో ఒక గవ్వ పెట్టి వెళ్లింది.

పెద్దాసుపత్రి డాక్టరుగారు ప్రతి నెలా ఒకే సంగతి చెప్పి పంపేవారు. “ఈ మందులు జబ్బుతో పాటు పిల్ల ఒంట్లో రోగాల్ని తట్టుకునే కాపుదలని కూడా తగ్గించేస్తాయి. ఆటలమ్మ, తట్టు ఉన్న ఇంటి ఛాయలకి పంపకండి. మామూలు పిల్లలకి వచ్చి పోయేవి ఈ పిల్లకి ప్రాణం మీదకి తేవచ్చు.”

కొండ నుంచి వచ్చామని చెప్పుకున్న ఐదో నెలలో పక్కింటి గుమ్మానికి వేపమండ కనిపించింది. అక్క చిన్న కూతురికి ఆటలమ్మ పోసింది. ఇక్కడివాళ్లు దాన్ని జబ్బనరు, అమ్మోరు వచ్చిందంటారు. మావైపూ అంతే. గుమ్మానికి వేపమండ ఉంటే ఆ ఇంటికి ఎవరూ వెళ్లరు, ఆ ఇంటివాళ్లు ఎవరింటికీ రారు. పోపు వేయరు, తల దువ్వుకోరు. అమ్మోరు చల్లగా వెళ్లిపోయే దాకా అంతా మెల్లగా మాట్లాడుకుంటారు. నాకు ఒకవిధంగా నిశ్చింతగానే అనిపించింది. ఆ మండ ఉన్నన్నాళ్లూ మా పిల్లని తలుపు దాటనివ్వకపోతే సరిపోతుంది. ఎవరూ ఎందుకని అడగరు.

వారం తిరిగింది. ఆ మంగళవారం నేను పిల్ల రక్తపరీక్ష కాగితం తెచ్చుకోవడానికి బస్సులో ఆసుపత్రికి వెళ్లాను. మావారు రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్నారు. గడియ వేసుకోమని చెప్పే వెళ్లాను. తిరిగి వచ్చేసరికి మా తలుపు బార్లా తెరిచి ఉంది. పక్కింటి గుమ్మానికి వేపమండ లేదు. ఆ ఇంటి అరుగు మీద, ముఖమంతా పసుపు రాసుకున్న వాళ్ల చిన్నదాని పక్కన, మా అమ్మాయి కూర్చుని ఉంది. ఇద్దరూ ఒకే ఆకులోంచి చలివిడి తింటున్నారు.

నేను పరుగెత్తుకెళ్లి పిల్ల చెయ్యి పట్టి లాగాను. దాని చేతిలోని చలివిడి ముద్ద గడప మీద పడింది.

“ఎవర్ని అడిగి తీసుకొచ్చారు? బుద్ధుందా మీకు?”

అక్క నిర్ఘాంతపోయింది. “ఏటయింది సెల్లీ? నీల్లు పోసీసినాం. అమ్మోరు ఎల్పోనాది. ఆడపిల్లల్ని పిలిసి పెసాదం పెడతన్నాను.”

“మీ జబ్బు మా పిల్లకి అంటిస్తారా?”

అరుగు మీద ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారి నా వైపు తిరిగారు. అక్క అత్తగారు లేచి వచ్చి, “లెంపలేసుకో, లెంపలేసుకో! అమ్మోరిని జబ్బంటావా! పెసాదం తొక్కీసినావు, సూడు!” అని కేకలేసింది. నిజంగానే నా కాలి కింద చలివిడి ఉంది.

అక్క మాత్రం కేకలేయలేదు. నెమ్మదిగా అంది. “కొండ మీద సామికి తలిచ్చిన గుంట కదా, దానికి అమ్మోరు ఏటి సేత్తాది అనుకున్నాను. అందుకే ముందు దాన్నే పిలిసినాను.”

పిల్లని ఎత్తుకుని ఇంట్లోకి వచ్చేశాను. మావారు మంచం మీద లేచి కూర్చుని ఉన్నారు. “గడియ వేశాననే అనుకున్నాను,” అన్నారు. ఆ మాటే మూడు నాలుగు సార్లు అన్నారు.

అప్పటికప్పుడు మళ్లీ బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరుగారు అంతా విని అడిగారు. “ఆ పాపకి పొక్కులన్నీ ఎండి పెచ్చులు కట్టాయా?”

“చూడలేదండి.”

“అన్నీ ఎండిపోతే పెద్దగా భయం లేదు. ఒక్కటి పచ్చిగా ఉన్నా చెప్పలేం. అది కనుక్కోండి. అంతవరకూ మాత్రలు ఆపండి.”

“అడగాలంటే… వాళ్లకి తెలియదండి.”

“ఏం తెలియదు?”

“మా పిల్లకి ఏమిటో. మొక్కు అని చెప్పాం.”

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. “మరి వాళ్లు చేసిన తప్పేమిటమ్మా?” అన్నారు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ ప్రశ్నే అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. ఆరేళ్లు కూడా నిండని పిల్లకి దేవుడి కాపలా ఉందని ఊరందరి చేతా నమ్మించింది నేను. ఆ నమ్మకంతోనే పక్కింటావిడ దాన్ని పిలిచి, తన కూతురి ఆకులోనే పెట్టింది.

దీపాలు పెట్టే వేళ పక్కింటి గుమ్మంలో నిలబడ్డాను. అక్క చేటలో బియ్యం ఏరుతోంది. రమ్మనలేదు, కూర్చోమనలేదు.

“అక్కా, పాపకి ఇంకా పచ్చిగా ఉన్న పొక్కులు ఏమైనా ఉన్నాయా?”

“ఏటి, మా జబ్బు నెక్కెట్టుకోడానికి వచ్చినావా?”

“కాదు. మా అమ్మాయి జబ్బు చెప్పడానికి వచ్చాను.”

చెప్పాను. గడప బయటే నిలబడి, మోకాళ్ల నొప్పుల దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పాను. క్యాన్సర్ అన్న మాట పైకి అనడం అదే మొదటిసారి. ఆ మాట అన్నాక గోడలేమీ కూలలేదు. అక్క చేట పక్కన పెట్టింది.

“అయితే మొక్కు కాదా?”

“కాదు.”

“మరి లడ్డూ?”

“నేనే చేశాను.”

చీరకి అంటిన బియ్యపు నూక దులుపుకుంది. తర్వాత, “యాలక్కాయలు తక్కువైనాయనుకున్నాను,” అంది.

అక్క లేచి లోపలి నుంచి కూతుర్ని పిలిచి, దీపం దగ్గర నిలబెట్టి, పరికిణీ అంచు పైకి ఎత్తింది. ముఖమ్మీదవి, చేతుల మీదవి అన్నీ ఎండిపోయాయి. ఎడమ పిక్క మీద రెండు మాత్రం నీటిబుడగల్లా మెరుస్తున్నాయి. ఇద్దరం ఆ రెండింటినే చూశాం.

“తొమ్మిదో నాడు నీల్లు పోద్దామంది మా అత్త. ఏడో నాడు మంగళారం పడిందని నానే తొందర పడిపోనాను,” అంది అక్క. “ఒక్క మాట సెప్పుంటే, సెల్లీ! తలుపు కాడికే రానిద్దునా?”

ఆటలమ్మ ఒకరి నుంచి ఒకరికి వస్తే బయటపడడానికి ఇరవై ఒక్క రోజుల దాకా పట్టొచ్చని, పచ్చి పొక్కులు ఉంటే అన్నాళ్లూ మాత్రలు ఆపే ఉంచమని డాక్టరుగారు ముందే చెప్పారు. ఆ రోజుల్లో జ్వరం తగిలినా, ఒంటి మీద ఒక్క పొక్కు కనిపించినా పరుగెత్తుకురమ్మన్నారు. చేయగలిగింది అంతే. ఎదురుచూడడం.

మర్నాడు పొద్దున్న అక్కే వచ్చి నా బిందె తీసి నా చంకన పెట్టింది. “కుళాయి కాడ అందరూ ఉన్నారు. నువ్వే సెప్పు. నాను సెప్తే ఊసులనుకుంటారు.”

కుళాయి దగ్గర ఐదారుగురు ఆడవాళ్లు బిందెలు వరసలో పెట్టుకుని నిలబడ్డారు. నిన్నటి గొడవ అందరూ చూసిందే కాబట్టి నేను రాగానే మాటలు ఆగిపోయాయి. చేపల ముసలమ్మ కూడా గంప దించుకుని చెట్టు కింద కూర్చుని ఉంది. నేను ముందు చలివిడి తొక్కినందుకు అందరి ముందూ లెంపలు వేసుకున్నాను. తర్వాత రెండోసారి అదే చెప్పాను. రెండోసారి కొంచెం తేలికైంది.

“అంటుకుంటాదేటి?” అంది మూలింటావిడ. ఆవిడకి ముగ్గురు పిల్లలు.

“అంటుకోదు. మా పిల్ల నుంచి మీకేమీ రాదు. మీ పిల్లల జలుబు, జ్వరం దానికి వస్తే అది తట్టుకోలేదు. భయం మాకు గానీ మీకు కాదు. మీ ఇళ్లలో ఎవరికైనా బాగోకపోతే ముందే ఒక మాట చెప్పండి.”

“మరి తగ్గుతాదా?”

ఈ ప్రశ్న అంతవరకూ నన్నెవరూ అడగలేదు. నేను కూడా నన్ను ప్రశ్నించుకోలేదు. “మూడేళ్లు మందులు వాడితే తగ్గొచ్చన్నారు. తగ్గినవాళ్లున్నారట.”

“నాను కనుబొమ్మల కాడే అనుకున్నాను,” అంది ముసలమ్మ. “సెప్పకపోతే ఎవులేటి సేత్తారు తల్లీ? దాక్కుంటే సేపైనా కుల్లిపోద్ది.”

“నీకు అన్నీ సేపలే,” అని అక్క ఆవిణ్ణి కసిరింది. అందరూ నవ్వారు. మూలింటావిడ నవ్వలేదు. సగం నిండిన బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఆవిడ పిల్లలు మా ఇంటి వైపు రాలేదు. ఆ పిల్లలు దూరంగా ఉండడమే కదా నాకు కావలసింది! అయినా బాధ వేసింది.

ఆ రోజే పిల్లకి కూడా నిజం చెప్పాను. “జుట్టు మందుల వల్ల రాలింది. మళ్లీ వస్తోంది చూడు. మనం తిరుపతి వెళ్లనే లేదు.”

“అయితే నేను నిద్రపోలేదా?”

“లేదు.”

“అమ్మయ్య,” అంది. అంత పెద్ద సంగతిలో దానికి కావలసింది అదొక్కటే.

ఇక రోజులు లెక్కపెట్టడం మొదలైంది. పొద్దున్నే కిటికీ వెలుగులో నిలబెట్టి, చెవుల వెనక, చంకల కింద, వేళ్ల సందుల్లో చూసేదాన్ని. మల్కాపురంలో దోమలకేం తక్కువ! ప్రతి దోమకాటూ నాకు పొక్కులాగే కనిపించేది. ఆరో రోజున మోచేతి మీద ఎర్రగా కనిపిస్తే, మావారు సైకిలు తీసి బయల్దేరబోయారు. “నాన్నా, అది దోమ. నేను చూశాను కుట్టడం,” అంది పిల్ల. ఆయన సైకిలు స్టాండు వేసి, దాని పక్కనే నేల మీద కూర్చుండిపోయారు. గడియ సంగతి మేమిద్దరం మళ్లీ మాట్లాడుకోలేదు. ఆయన మాత్రం మెలకువగా ఉన్నా, ఇంట్లో ఎవరున్నా, లేచి వెళ్లి గడియ తడిమి చూసుకుని వచ్చేవారు. ఇప్పటికీ అంతే.

ఎనిమిదో రోజు పొద్దున్న తలుపు తీసేసరికి పక్కింటి గుమ్మానికి మళ్లీ వేపమండ. అరుగుల మధ్య పిట్టగోడ మీంచి పిలిచాను.

“అక్కా, మళ్లీ ఎవరికి?”

“ఎవులికీ నేదు. మా ఆయనకి జలుబు. సెప్పమన్నావు కదా.”

“జలుబుకి వేపమండా?”

“మరేటి సెయ్యమంటావు? పొద్దున్న నెగిసి గోడకాడ అరవనా? మండ సూసి నువ్వే తెలుసుకుంటావని కట్టీసినాను. అమ్మోరికి సెప్పుకునే కట్టినాను. ఏటీ అనుకోదు.”

లోపలి నుంచి ఆవిడ భర్త గట్టిగా తుమ్మి, “నాకు అమ్మోరు పోసిందని రిఫైనరీ అంతా అనీసుకుంటారే! నైటు డూటీలో పక్కకి ఎవుడూ రాడు,” అని కేకేశాడు.

రెండు రోజులు తిరక్కుండానే నాలుగో ఇంటికి మండ కనిపించింది, పిల్లాడికి దగ్గు. తర్వాత ఆరో ఇంటికి, కళ్లకలక. తలుపులు తీయగానే పది గుమ్మాల వైపూ చూసి, ఆ రోజు పిల్లని ఎటు పంపొచ్చో ఎటు పంపకూడదో తెలుసుకునేదాన్ని. కనపడని ఇళ్ల సంగతి చేపల ముసలమ్మ తెచ్చేది. గంప దించకముందే మొదలుపెట్టేది. “ఎనక లైన్లో రొండిళ్లలో జొరాలు. బడి కాడ గవదబిళ్లలు, అటు పంపకు. ఆ సివరింట్లో అత్తా కోడళ్లు జుట్లు పట్టుకున్నారు, అది అంటుకోదు.”

కుళాయి దగ్గర వేపచెట్టుకి చేతికందే ఎత్తులో కొమ్మలు లేకుండా పోయాయి. ముసలమ్మ దాని కింద నిలబడి పైకి చూసి, “దీనికీ గుండు కొట్టీసినారే! ఏ కొండకి మొక్కినారు?” అంది. ఆ మాటకి నేనే అందరికన్నా ఎక్కువ నవ్వాను.

పదిహేడో రోజున మూలింటి గుమ్మానికి కూడా మండ కనిపించింది. ఆవిడ నాతో అప్పటికీ మాట్లాడలేదు. మాట్లాడకుండానే కట్టింది.

పద్దెనిమిది. పందొమ్మిది. ఇరవై. ఆ మూడు రోజులూ నేను ఏం వండానో, ఏం తిన్నామో గుర్తులేదు. పిల్ల ఒళ్లు చల్లగా ఉండడం గుర్తుంది. అక్క రోజుకి నాలుగుసార్లు గోడ దగ్గరికి వచ్చి ఏమీ అడక్కుండా నా ముఖం చూసి వెళ్లిపోయేది. ఇరవై ఒకటో రోజు గడిచింది. ఇరవై రెండో రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరుగారు నెత్తి నుంచి పాదాల దాకా చూసి, నాలుక చూసి, “ఈసారికి తప్పించుకుంది,” అని, మాత్రల చీటీ మళ్లీ రాసిచ్చారు.

ఇంటికి రాగానే బియ్యం నానబోశాను. నా కాలి కింద పడిన చలివిడి నా మనసులోంచి ఒక్కరోజూ పోలేదు. దంచి, జల్లించి, బెల్లం పాకం పట్టి, నెయ్యి వేసి, కొబ్బరి ముక్కలు వేయించి కలిపి, ఈసారి యాలకులు ఎక్కువే వేసి, గిన్నె నిండా పక్కింటికి పట్టుకెళ్లాను. “అమ్మోరికి పెట్టండి అక్కా. నేను తొక్కినదానికి,” అన్నాను.

అక్క మూత తీసి చూసింది. వేలితో కొంచెం తీసి నలిపింది. తర్వాత అత్తగారిని పిలిచింది. ఆవిడ కూడా వచ్చి చూసింది. ఇద్దరూ ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు.

“పాకం పట్టినావేటి సెల్లీ?”

“అవును. మావైపు అలాగే చేస్తాం.”

“మీ వైపు కడుపుతో ఉన్న ఆడపిల్లకి పెట్టి పంపుతారు కావాల. అమ్మోరికి పొయ్యి మీద పెట్టినది పెడతారేటి? ఆయమ్మకి సలవ కావాల. పచ్చి సలివిడి పెట్టాల!”

అత్తగారు నోట్లో ముద్ద వేసుకుని, “అమ్మోరికి కాకపోతే నాకు పెట్టీండి. బాగున్నాది,” అంది. అక్క నవ్వుతూనే కొంగు బిగించి, నన్ను కూర్చోబెట్టి, తడిపిండిలో బెల్లం దంచి పచ్చి చలివిడి చేయడం చూపించింది. ఆ ముద్ద నా చేతే పెట్టించింది. పాకం చలివిడి పిల్లలిద్దరూ తినేశారు. ఈసారి ఒకే ఆకులో కాదు, రెండు ఆకుల్లో. అక్కే విడివిడిగా వేసింది.

ఇదంతా జరిగి రెండున్నరేళ్లవుతోంది. ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతూనే ఉన్నారు. మా లైనులో ఇద్దరు ఆ పనిలోకి మారారు. మా అమ్మాయి జుట్టు భుజాల దాకా వచ్చింది, మునుపటి కన్నా ఒత్తుగా, వంకీలు తిరిగి. వచ్చే నెలతో మాత్రలు ఆపుతారు. ఆపాక కూడా కొన్నేళ్లు చూస్తుండాలన్నారు. పిల్ల పడుకున్నాక ఇలా రాసుకుంటూ మధ్యమధ్య లేచి నుదుటి మీద చెయ్యి వేసి వస్తున్నాను. భయం పోయిందని రాస్తే అది ఇంకో లడ్డూ అవుతుంది.

ఇది రాయాలని నాకు పోయిన వారం అనిపించింది. ఆసుపత్రి వరండాలో ఇంజెక్షను కోసం బెంచీ మీద కూర్చున్నాం. నా పక్కన నాకన్నా చిన్నమ్మాయి, పాతికేళ్లు కూడా ఉండవు, ఒళ్లో నాలుగేళ్ల పాపని పెట్టుకుని కూర్చుంది. ఏ ఊరని అడిగితే ఎలమంచిలి దగ్గర అంది. పాప తలకి రుమాలు కట్టి ఉంది. గాలికి అది కొంచెం జరిగితే నా కళ్లు అటు వెళ్లాయి. ఆ అమ్మాయి వెంటనే రుమాలు సర్ది, “మొక్కు అండి. తిరపతి,” అంది. ఎవరూ అడక్కుండానే చెప్పింది.

నేను ఆ పాప ముఖం చూశాను. కనుబొమ్మలు లేవు.

“మాదీ మొక్కేనమ్మా,” అన్నాను. “ఇంట్లో లడ్డూలు కూడా చేశాను.”

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. నా పక్కన కాళ్లు ఊపుకుంటూ కూర్చున్న మా అమ్మాయి జడలని చూసింది. తర్వాత రుమాలు మీద నుంచి చెయ్యి తీసింది.

నేను కొంచెం జరిగి పాపకి చోటిచ్చాను.

“మీ వీధిలో వేపచెట్టుందా?” అని అడిగాను.